బస్టాండు వెనక రోడ్డు, అక్కడ నిలబడే ఆడవాళ్ళు: పోలీసులు ఏం చేయగలరు, కాలనీ ఏం చేయాలి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఆర్టీసీ బస్టాండు వెనక సర్వీసు రోడ్డును ఆనుకుని మీ కాలనీ ఉంది. చీకటి పడ్డాక అక్కడ సెక్స్ వర్క్ చేసే కొందరు ఆడవాళ్ళు నిలబడుతున్నారు, బైకులు, ఆటోలు ఆగుతున్నాయి. ట్యూషన్ నుంచి ఇంటికొస్తున్న మీ పక్కింటి అమ్మాయిని ఎవడో బైకు ఆపి ‘వస్తావా’ అని అడిగాడు. మూడుసార్లు స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చారు. ఇచ్చిన ప్రతిసారీ నాలుగు రోజులు రోడ్డు ఖాళీ, ఐదో రోజు మళ్ళీ మామూలే. ఇప్పుడు అసోసియేషన్ వాళ్ళు ఆ ఆడవాళ్ళ ఫొటోలు తీసి వాట్సాప్ గ్రూపుల్లో పెడదామంటున్నారు, ఎస్పీ ఆఫీసు ముందు ధర్నా అంటున్నారు. పోలీసులు ఎందుకు పూర్తిగా ఆపలేకపోతున్నారు, చట్టం ఏమంటోంది, మనం ఏం చేస్తే పని జరుగుతుంది అని అడిగారు.

నేను గోదావరి జిల్లాల్లో హెచ్‌ఐవీ నివారణ ప్రాజెక్టుల్లో పదమూడేళ్ళు పనిచేశాను. మొదట ఫీల్డులో తిరిగే ఔట్‌రీచ్ వర్కర్‌గా, తర్వాత ప్రాజెక్టు మేనేజర్‌గా. సాయంత్రం ఆరు నుంచి రాత్రి పదకొండు దాకా బస్టాండ్లు, రైల్వే స్టేషన్ బయట, హైవే దాబాలు, ఇదే నా ఆఫీసు. అందుకే కాస్త పెద్దగా రాస్తున్నాను, ఓపికగా చదవండి.

ముందు ఫొటోల సంగతి, ఎందుకంటే అది అర్జెంటు. దయచేసి ఆ పని ఆపించండి. మా ఊళ్ళో ఒకసారి లాడ్జి మీద రైడ్ జరిగినప్పుడు లోకల్ కేబుల్ ఛానల్ వాడు కెమెరా పట్టుకుని పోలీసుల వెంటే వెళ్ళాడు. నలుగురు ఆడవాళ్ళు కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని జీపు ఎక్కారు. ఒకామెకి కొంగు అందలేదు. అరక్షణం ముఖం కనిపించింది, అంతే. మర్నాడు ఆమె కూతురు స్కూల్లో అడుగుపెట్టేసరికి క్లాసంతా ఆ వీడియో చూసేసింది. తొమ్మిదో తరగతి పిల్ల. మళ్ళీ ఆ స్కూలు గడప తొక్కలేదు. వాళ్ళమ్మ ఊరు మారింది, పని మాత్రం మారలేదు. మారిన ఊళ్ళో అప్పులు పెరిగాయి కాబట్టి మునుపటికంటే ఎక్కువ రాత్రులు నిలబడాల్సి వచ్చింది. 2022లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వులో కూడా, రైడ్ జరిగినప్పుడు వాళ్ళు బాధితులైనా నిందితులైనా సరే, ఆ స్త్రీల పేర్లు గానీ ఫొటోలు గానీ బయటపెట్టకుండా మీడియా జాగ్రత్తపడాలని ఉంది. పత్రికలకే ఆ హద్దు ఉన్నప్పుడు కాలనీ గ్రూపుకి లేకుండా ఎలా పోతుంది?

ఇంకో మాట. మీరు తీసే ఫొటోల్లో అందరూ ‘వాళ్ళే’ అని మీకెలా తెలుస్తుంది? ఆఖరి బస్సు కోసం ఎదురుచూసే నర్సు, పువ్వులమ్మే ఆవిడ, బట్టల షాపులో డ్యూటీ దిగి ఆటో కోసం చూసే అమ్మాయి, అందరూ నిలబడేది ఆ రోడ్డు మీదే. ఇది నాకే జరిగింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఓ చలికాలం రాత్రి ఫ్లైఓవర్ కింద నిలబడే ఒక అక్కతో మాట్లాడుతున్నాను. భుజానికి మా ప్రాజెక్టు బ్యాగు, అందులో రిజిస్టరు, కండోమ్ ప్యాకెట్లు, కండోమ్ ఎలా వాడాలో చూపించడానికి చెక్కతో చేసిన డెమో మోడల్. జీపు ఆగింది. టార్చి నేరుగా నా ముఖం మీద. ‘ఎక్కు’ అన్నాడు కానిస్టేబుల్. ఐడీ కార్డు తీసేలోపు బ్యాగు లాక్కుని రోడ్డు మీద కుమ్మరించాడు. ఆ డెమో మోడల్ దొర్లుకుంటూ పోయి డ్రైనేజీ పక్కన ఆగింది. జీపులో ఉన్నవాళ్ళు నవ్వారు. స్టేషన్‌కి మా ప్రాజెక్టు సార్ వచ్చేదాకా, రెండున్నర గంటలు బల్ల మీద కూర్చోబెట్టారు. ఆ రెండున్నర గంటల్లో నన్ను అడిగిన మాటలు ఇక్కడ రాయలేను. నా పక్కన కూర్చున్న అక్క మాత్రం నా చెయ్యి పట్టుకుని ‘ఏం కాదులే అమ్మా, పొద్దున్నే వదిలేస్తారు, కోర్టులో తప్పు ఒప్పుకుంటే అయిపోద్ది’ అంది. ఆమెకి అది ఎన్నోసారో ఆమెకే గుర్తులేదు.

ఇక చట్టం. మన దగ్గర అందరూ ‘పీటా కేసు’ అంటారు. అసలు చట్టం 1956 నాటిది, 1986లో సవరించి ఇప్పుడున్న పేరు పెట్టారు: అనైతిక వ్యాపార నిరోధక చట్టం. ఇందులో చాలామందికి తెలియని విషయం ఒకటుంది. ఒక మేజర్ స్త్రీ తన ఇష్టప్రకారం, ఒంటరిగా, నాలుగు గోడల మధ్య డబ్బు తీసుకుని ఈ పని చేయడాన్ని ఈ చట్టం నేరం అనలేదు. నేరం అన్నది దాని చుట్టూ ఉన్న వ్యాపారాన్ని. బ్రోతల్, అంటే వ్యభిచార గృహం నడపడం సెక్షన్ 3, ఆమె సంపాదన మీద బతకడం సెక్షన్ 4, ఈ పనిలోకి దించడం సెక్షన్ 5, బలవంతంగా నిర్బంధించడం సెక్షన్ 6. ఈ చివరిదానికి ఏడేళ్ళకు తగ్గకుండా, యావజ్జీవం దాకా శిక్ష వేయొచ్చు.

కానీ రోడ్డు మీద నిలబడే ఆమెను పట్టుకునే సెక్షన్లు కూడా రెండున్నాయి. సెక్షన్ 7 ప్రకారం గుడి, బడి, హాస్టల్, ఆసుపత్రి లాంటి చోట్లకి 200 మీటర్ల లోపు గానీ, కమిషనర్ లేదా మేజిస్ట్రేట్ నోటిఫై చేసిన ప్రాంతంలో గానీ జరిగితే మూడు నెలల దాకా జైలు. ఇది ఆమెకి ఎంతో ఆమెతో ఉన్న మగవాడికీ అంతే వర్తిస్తుంది. రెండోది సెక్షన్ 8, బహిరంగంగా పిలవడం, సైగ చేయడం. మొదటిసారి ఆరు నెలల దాకా జైలు లేదా 500 రూపాయల దాకా జరిమానా లేదా రెండూ. మళ్ళీ దొరికితే ఏడాది దాకా. ఆచరణలో ఈ చట్టం బరువు ఎవరి మీద పడుతుందో ఏ ఊరి మేజిస్ట్రేట్ కోర్టులోనైనా ఓ వారం కూర్చుంటే తెలిసిపోతుంది. బ్రోతల్ ఓనర్ మీద సెక్షన్ 3 రుజువు చేయాలంటే సాక్షులు కావాలి, ఏళ్ళు పడుతుంది. సెక్షన్ 8 కింద ఆమె తప్పు ఒప్పుకుని 500 కట్టి మధ్యాహ్నానికి బయటికొస్తుంది. పోలీసు రికార్డులో ఒక కేసు పూర్తయినట్టు.

ఆ 500 గురించి ఒక్క నిమిషం. జరిమానా 500 సరే. కోర్టు దగ్గర ప్లీడర్ గుమస్తాకి కొంత, జామీను తెచ్చేవాడికి కొంత, స్టేషన్‌లో ఫోను తిరిగి ఇవ్వడానికి కొంత. మా దగ్గరికొచ్చే అక్కల్లో ఒకామె ఓసారి వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పింది, మొత్తం మూడు వేలు దాటింది. ఆమె దగ్గర మూడు వేలు లేవు. రోజువారీ వడ్డీకిచ్చే ఫైనాన్స్ అతని దగ్గర తెచ్చింది. అది తీర్చాలంటే ఏం చేయాలి? అదే రోడ్డు. మీరు ఫిర్యాదు చేసిన ఐదో రోజు రోడ్డు మళ్ళీ ఎందుకు నిండుతుందని అడిగారు కదా, దాని లెక్క ఇదే. జరిమానా వేస్తే ఆమె ఆ పని మానదు. ఇంకో వారం ఎక్కువ చేస్తుంది.

పోలీసులు డబ్బు తిని వదిలేస్తున్నారా అని కూడా అడిగారు. తినేవాళ్ళు లేరని నేను అనను, చేతిలో పెట్టడం కళ్ళారా చూశాను. కానీ అదొక్కటే కారణం అనుకుంటే సమస్య అర్థం కాదు. పీటా చట్టం కింద దర్యాప్తు చేయాల్సింది ప్రత్యేక పోలీసు అధికారి, సెక్షన్ 13 ప్రకారం ఆయన ఇన్‌స్పెక్టర్ హోదాకి తగ్గకూడదు. ఆ అధికారం లేనివాళ్ళు చేసిన దర్యాప్తు చెల్లదని సుప్రీంకోర్టు 1960ల మొదట్లోనే చెప్పింది. సెక్షన్ 15 ప్రకారం సోదా చేయాలంటే ఆ చుట్టుపక్కల ఉండే ఇద్దరు పెద్దమనుషులు సాక్షులుగా ఉండాలి, అందులో కనీసం ఒకరు స్త్రీ. సోదా బృందంలో ఇద్దరు మహిళా పోలీసులు ఉండాలి. పట్టుకున్న స్త్రీలను ప్రశ్నించేది మహిళా అధికారే, ఆమె లేకపోతే గుర్తింపు ఉన్న సంస్థ నుంచి వచ్చిన మహిళ సమక్షంలో మాత్రమే. రాత్రి పదింటికి బ్లూకోల్ట్స్ బైకు మీద తిరిగే ఇద్దరు కానిస్టేబుళ్ళ దగ్గర వీటిలో ఒక్కటి కూడా ఉండదు. వాళ్ళు చేయగలిగింది లాఠీ నేలకేసి కొట్టి ‘పోండి ఇక్కణ్ణుంచి’ అనడం, లేదా పెట్టీ కేసు రాయడం. కొత్త ఎస్పీ వచ్చినప్పుడు, పుష్కరాలప్పుడు, మంత్రిగారి పర్యటనప్పుడు ‘స్పెషల్ డ్రైవ్’ పెడతారు. డ్రైవ్ అయిపోగానే సిబ్బందిని ఇంకో డ్యూటీకి వేస్తారు.

తరిమితే ఏమవుతుందో మీకు చూపించాలి. ఓ ఏడాది మా ఊళ్ళో పుష్కరాల ముందు బస్టాండు చుట్టుపక్కల మొత్తం ఖాళీ చేయించారు. అంతకుముందు ఆ ఆడవాళ్ళు దీపాల కింద, టీ బంకుకి ఎదురుగా నిలబడేవాళ్ళు. టీ బంకు అతను రాత్రి పన్నెండు దాకా ఉండేవాడు. ఎవడైనా తాగి గొడవ చేస్తే అతను కేకేసేవాడు, ఒకరికొకరు బండి నంబర్లు గుర్తుపెట్టుకునేవాళ్ళు. తరిమాక వాళ్ళు బైపాస్ దాటి సరుగుడు తోటల దగ్గరికి వెళ్ళారు. అక్కడ దీపం లేదు, టీ బంకు లేదు. నెల తిరక్కుండా ఒకామెను ఒకడు మాట్లాడుకుని తీసుకెళ్తే తోటలో ఇంకో నలుగురున్నారు. ఆమె స్టేషన్‌కి వెళ్ళలేదు. ‘వెళ్తే నన్నే లోపలేస్తారు’ అంది. మేం ఆసుపత్రికి తీసుకెళ్ళాం, అంతవరకే చేయగలిగాం. బస్టాండు దగ్గర కాలనీ వాళ్ళు మాత్రం సంతోషించారు, నాలుగు నెలలు. తర్వాత కొందరు తిరిగొచ్చారు, కొందరు పక్క వార్డుకి మారారు. అప్పుడు ఆ వార్డు వాళ్ళు ఫిర్యాదు మొదలుపెట్టారు.

హైదరాబాద్‌లో ఇది ఇంకా పెద్ద ఎత్తున జరిగింది. చార్మినార్ దగ్గర ఈ వ్యాపారం నడిచే మెహబూబ్ కీ మెహందీ అనే ప్రాంతాన్ని 1996లో ఖాళీ చేయించారు. ఏళ్ళ తరబడి అక్కడే ఉన్న కుటుంబాలు చెల్లాచెదురయ్యాయి. సునీతా కృష్ణన్, బ్రదర్ జోస్ వెట్టికాటిల్ కలిసి ప్రజ్వల సంస్థ మొదలుపెట్టింది ఆ నేపథ్యంలోనే, ఆ తల్లుల పిల్లలు అదే పనిలోకి వెళ్ళకుండా ఉండేందుకు ఓ చిన్న బడితో. ఆ ప్రాంతం ఖాళీ చేయించినంత మాత్రాన హైదరాబాద్‌లో ఈ వ్యాపారం ఆగిపోలేదని నేను వేరే చెప్పక్కర్లేదు. ఒకచోట ఉన్నది నగరమంతా పరుచుకుంది. లోపలికెళ్ళి మాట్లాడటం, జబ్బులు చూడటం, చిన్నపిల్లలు ఉన్నారేమో కనిపెట్టడం, ఇవన్నీ మరింత కష్టమయ్యాయి.

రోడ్డు మీద ఎవరు నిలబడాలో పోలీసులకు వదిలేస్తే ఎక్కడికి పోతుందో చెప్పే ఇంకో సంగతి కూడా హైదరాబాద్‌దే. నిజాం కాలంలో 1919లో తెచ్చిన ఒక చట్టం ప్రకారం, ఆడ వేషంలో, నగలు పెట్టుకుని వీధిలో కనిపించిన హిజ్రాని వారంట్ లేకుండా అరెస్టు చేయొచ్చు. నేరం చేయనక్కర్లేదు, కనిపిస్తే చాలు. ఆ చట్టం మొన్న మొన్నటిదాకా పుస్తకాల్లో ఉంది. 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. మీ రోడ్డు మీద నిలబడేవాళ్ళలో హిజ్రాలు కూడా ఉన్నారని రాశారు కాబట్టి ఇది చెప్తున్నాను.

ఇంతకీ ఆ రోడ్డు మీద ఉన్నది ఎవరు? మనవాళ్ళ ఊహల్లో ఇద్దరే ఉంటారు. ఒకరు ఎవడో ఎత్తుకొచ్చి అమ్మేసిన అమాయకురాలు, రెండోది సిగ్గు విడిచిన మనిషి. నేను రోజూ కలిసినవాళ్ళు ఈ రెండూ కాదు. మన కోస్తాలో ఈ పని చేసేవాళ్ళలో ‘కంపెనీ’ ఇళ్ళల్లో, అంటే బ్రోతల్స్‌లో ఉండేవాళ్ళకంటే సొంత ఇంట్లో ఉంటూ రోడ్డు మీదికో ఫోను మీదో వచ్చేవాళ్ళే ఎక్కువ. పగలు మేస్త్రీ పనికి, హోటల్లో గిన్నెలకి, పొగాకు బ్యారన్ దగ్గరికి వెళ్ళేవాళ్ళు, పని దొరకని నెలల్లో సాయంత్రం ఇక్కడికొస్తారు. మొగుడు వదిలేసినవాళ్ళు, మొగుడు పోయినవాళ్ళు, ఉన్నా తాగి పడిపోయేవాళ్ళు. ఇంట్లో ‘క్యాటరింగ్ పనికి వెళ్తున్నా’ అని చెప్పి వస్తారు. స్మార్ట్‌ఫోన్లు వచ్చాక వయసులో ఉన్నవాళ్ళు, గది అద్దెకి తీసుకోగలిగినవాళ్ళు ఫోను మీదికి మారిపోయారు. ఇప్పుడు రోడ్డు మీద మిగిలింది ఎక్కువగా వయసు మళ్ళినవాళ్ళు, అప్పుల్లో ఉన్నవాళ్ళు, గది ఇచ్చేవాళ్ళు లేనివాళ్ళు. అంటే మీ కాలనీ ఫిర్యాదు నేరుగా వెళ్ళి తగిలేది ఈ వ్యాపారంలో అందరికంటే బలహీనంగా ఉన్నవాళ్ళకి. దీనిమీద లక్షలు సంపాదించే బ్రోకరు మీ రోడ్డు మీద నిలబడడు.

ఒక అక్క బ్యాగులో ఏముండేదో నాకిప్పటికీ గుర్తు. చిన్న స్టీలు టిఫిన్ బాక్సు, అందులో పెరుగన్నం. ఒక విక్స్ డబ్బా. కొడుకు పాలిటెక్నిక్ ఫీజు రసీదు నాలుగు మడతలు పెట్టి. మూడు కండోమ్ ప్యాకెట్లు, అవి మేమిచ్చినవే. ఆ ప్యాకెట్ల వల్లే ఆమె మీద కేసు పడింది. స్టేషన్‌లో వాటిని బల్ల మీద పరిచి పంచనామాలో రాశారు. ఆ తర్వాత రెండు నెలలు ఆ రోడ్డు మీద ఎవరూ మా దగ్గర కండోమ్‌లు తీసుకోలేదు. ‘మీ ప్యాకెట్టే మాకు సంకెళ్ళు’ అన్నారు. ప్రభుత్వం ఒక చేత్తో ఉచితంగా పంచేది, ఇంకో చేత్తో సాక్ష్యంగా పట్టుకునేది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అప్పట్లో దేశంలో హెచ్‌ఐవీ బాగా ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఒకటి. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ ప్రాజెక్టులు, 2003లో మొదలైన గేట్స్ ఫౌండేషన్ వారి హెచ్‌ఐవీ నివారణ కార్యక్రమం అవాహన్ ఇక్కడ అంత పెద్దగా నడవడానికి కారణం అదే. అలాంటి చోట ఒక్క పంచనామా రెండు నెలల పనిని తుడిచేసింది.

2022 మే 19న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు ఇలాంటి వాటి గురించే. ఆ కేసు బుద్ధదేవ్ కర్మాస్కర్ వర్సెస్ పశ్చిమ బెంగాల్. 1999లో కోల్‌కతాలో ఒక సెక్స్ వర్కర్‌ని చంపిన కేసులో దోషి అప్పీలు 2011లో కొట్టేశాక, ఈ స్త్రీల బతుకు గురించి కోర్టే ఒక కమిటీ వేసి విచారణ కొనసాగించింది. 2022 ఉత్తర్వు ఇచ్చిన ధర్మాసనానికి నేతృత్వం వహించింది మన తెలుగువారు, జస్టిస్ లావు నాగేశ్వరరావు. పోలీసులు వీళ్ళని గౌరవంగా చూడాలి, తిట్టడం కొట్టడం కూడదు. లైంగిక దాడి జరిగిందని వస్తే మిగతా ఏ స్త్రీకి చేసినట్టే వెంటనే వైద్యం చేయించాలి. కండోమ్‌లను నేరానికి సాక్ష్యంగా చూపకూడదు. రక్షణ గృహాల్లో ఇష్టం లేకుండా ఉంచిన మేజర్ల కేసులు పరిశీలించి వదిలేయాలి. ఇవీ అందులోని ముఖ్యమైన మాటలు. చిరునామా రుజువు లేకపోయినా ఎయిడ్స్ నియంత్రణ సంస్థ అధికారి ఇచ్చే ధ్రువీకరణతో ఆధార్ ఇవ్వాలని కూడా ఉంది. ఆధార్ లేకపోతే రేషన్ ఉండదు, పిల్లల స్కాలర్‌షిప్ ఉండదు.

అయితే అప్పట్లో కొన్ని పత్రికలు ‘ఇక పోలీసులు ముట్టుకోకూడదు, ఇది చట్టబద్ధం’ అని రాసేశాయి. అది సరికాదు. సెక్షన్ 7, సెక్షన్ 8 అలాగే ఉన్నాయి. మీ స్టేషన్ సీఐ గారు కేసు కట్టాలనుకుంటే కట్టొచ్చు.

ఇక్కడ ఒక గీత గీయాలి, ఈ గీత విషయంలో నేను రాజీపడను. పద్దెనిమిదేళ్ళ లోపు పిల్ల అయితే ఇష్టం, అనిష్టం అనే చర్చే లేదు. 2018లో యాదగిరిగుట్టలో రాచకొండ పోలీసులు చేసిన దాడుల్లో చిన్న చిన్న ఆడపిల్లలు బయటపడ్డారు. త్వరగా పెద్దవాళ్ళలా కనిపించాలని వాళ్ళకి హార్మోన్ ఇంజెక్షన్లు చేశారని అప్పుడు తేలింది. రాయలసీమలో కదిరి చుట్టుపక్కల కరువు పల్లెల నుంచి పని పేరు చెప్పి ఆడవాళ్ళను ఢిల్లీ, పుణె, భివండి తరలించిన చరిత్ర కూడా మనకుంది. అలాంటి చోట పోలీసులే కావాలి, గట్టిగానే కావాలి. మీ రోడ్డు మీద మైనర్ ఉందని అనుమానం వస్తే, ఎవడైనా ఒకామెని పక్కనుంచి కాపలా కాస్తున్నాడనిపిస్తే, ఆమె ఎవరితోనూ మాట్లాడకుండా తలెత్తకుండా ఉంటే, అసోసియేషన్ మీటింగు దాకా ఆగకండి. 1098కి, లేదా 112కి అప్పుడే ఫోన్ చేయండి. జిల్లాలో మానవ అక్రమ రవాణా నిరోధక విభాగం ఉందేమో అడిగి వాళ్ళకి చెప్పండి.

ఆ పిల్లల్ని కనిపెట్టడంలో కూడా అందరికంటే ముందుండేది రోడ్డు మీది ఆడవాళ్ళే. కోల్‌కతా సోనాగాచిలో ఈ పని చేసే స్త్రీల సంఘం, దర్బార్ మహిళా సమన్వయ కమిటీ వాళ్ళు స్వయంగా బోర్డులు పెట్టుకుని, కొత్తగా వచ్చిన ప్రతి మనిషి వయసు, ఇష్టం విచారిస్తారు. మా దగ్గర అంత ఏర్పాటు లేదు. అయినా ఒకసారి విజయనగరం వైపు నుంచి వచ్చిన పదిహేనేళ్ళ పిల్లని ముందు గుర్తుపట్టి మాకు ఫోన్ చేసింది ఆ పెరుగన్నం డబ్బా అక్కే. తనని పట్టుకుంటారేమోనని భయపడుతూనే చేసింది. రోడ్డు మీద అందరినీ తరిమేసిన ఊళ్ళో ఆ ఫోన్ ఎవరు చేస్తారు?

రక్షణ గృహాల గురించి కొంచెం. ‘పట్టుకుని హోమ్‌లో పెడితే బాగుపడతారు కదా’ అని మీ అసోసియేషన్ ప్రెసిడెంటు గారు అన్నారని రాశారు. బయటికి రావాలనుకునేవాళ్ళకి హోమ్ చాలా అవసరం. కేంద్రం 2007లో ఉజ్జ్వల పథకం తెచ్చింది, ఇప్పుడవి శక్తి సదన్‌లుగా నడుస్తున్నాయి. అక్కడ కోలుకుని టైలరింగ్ షాపు పెట్టుకున్నావిడ నాకు తెలుసు. కానీ ఇష్టం లేని మేజర్‌ని తెచ్చి పెడితే, ఇంట్లో ఆమె పిల్లలు మూడో రోజు నుంచి పస్తు. ఇంటికి కబురు వెళ్తే మొత్తం బయటపడుతుంది. అందుకే గోడ దూకుతారు. గోడ దూకి కాలు విరిగి ఈ ఆడవాళ్ళు వచ్చి కూర్చునే మా ప్రాజెక్టు డ్రాప్-ఇన్ సెంటర్‌కి వచ్చినామె కట్టు విప్పే రోజున నేను పక్కనే ఉన్నాను.

సరే, పని జరిగిన చోట ఏం జరిగిందో చెప్తాను. మీ పరిస్థితికి బాగా దగ్గరగా ఉంటుంది.

మా ఊళ్ళో రైల్వే స్టేషన్ రోడ్డు కాలనీ వాళ్ళు కూడా మీలాగే మూడేళ్ళు ఫిర్యాదులు ఇచ్చారు. నాలుగో ఏడు వార్డు మెంబరుగారు, ఆవిడ రిటైర్డ్ టీచరు, మా ఆఫీసుకొచ్చి ‘మీరు వాళ్ళతో మాట్లాడతారట కదా, మమ్మల్ని కూర్చోబెట్టండి’ అంది. వార్డు ఆఫీసులో ఓ ఆదివారం పొద్దున కూర్చున్నాం. కాలనీ నుంచి ఐదుగురు, మా పీర్ ఎడ్యుకేటర్లు ముగ్గురు, అంటే ఆ పని చేస్తూ తోటివాళ్ళకి ఆరోగ్యం గురించి చెప్పేవాళ్ళు, స్టేషన్ నుంచి ఒక మహిళా ఎస్ఐ. మొదటి పావుగంట ఎవరూ మాట్లాడలేదు. టీలు వచ్చాయి. కాలనీ పెద్దాయన ఒకరు గ్లాసు ముట్టుకోలేదు. టీచరుగారు ముట్టుకుంది, ముట్టుకుని ఎదురుగా ఉన్నామెని ‘పిల్లలేం చదువుతున్నారమ్మా’ అని అడిగింది. అక్కడ మొదలైంది మాట.

ఒక్కొక్కటీ విడదీసి చూస్తే కాలనీ వాళ్ళ బాధ ఆ ఆడవాళ్ళు నిలబడటం కాదని తేలింది. తాగి హారన్ కొట్టే బైకులు. గేటు ముందు పడేసిన సీసాలు, ప్యాకెట్లు. స్కూలు బస్సు దిగే చోటే ఆటోలు ఆగడం. తమ ఆడపిల్లల్ని మగవాళ్ళు అదే చూపు చూడటం. ఆ అక్కల బాధలు కూడా దాదాపు అవే. తాగినవాళ్ళు, గుంపుగా వచ్చేవాళ్ళు, చీకటి. మధ్యాహ్నానికి కొన్ని ఒప్పుకున్నారు. రాత్రి తొమ్మిది లోపు స్కూలు బస్ స్టాప్ వైపు ఎవరూ నిలబడరు, గూడ్స్ షెడ్డు వైపు ఉంటారు. మున్సిపాలిటీ చేత ఆ షెడ్డు వైపు ఆరిపోయిన మూడు స్తంభాలకి లైట్లు వేయిస్తారు. మొదట కాలనీ వాళ్ళు ‘లైటు వేస్తే ఇంకా వస్తారు’ అన్నారు. వేశాక గుంపులుగా వచ్చేవాళ్ళే తగ్గారు, ముఖం కనిపించడం వాళ్ళకి ఇష్టం ఉండదు కదా. ఒక డస్ట్‌బిన్. ఆటో స్టాండు నలభై గజాలు అవతలికి. ఎస్ఐ మేడమ్ తన వంతుగా బండి నంబర్లు తీసుకోవడం మొదలుపెట్టింది. వారానికి రెండు రాత్రులు, ఆగిన ప్రతి బైకు పేపర్లు, తాగారా లేదా చెక్ చేయడం. పీర్ ఎడ్యుకేటర్ కార్డు ఉన్నవాళ్ళని బ్యాగు వెతక్కూడదని కానిస్టేబుళ్ళకి చెప్పింది.

అంతా తీరిపోలేదు. ఆరు నెలల తర్వాత ఆ మేడమ్‌కి బదిలీ అయింది, మళ్ళీ మొదటినుంచి చెప్పుకోవాల్సి వచ్చింది. కొత్తగా వచ్చిన ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు ఒప్పందం పట్టించుకోలేదు, పీర్లే వాళ్ళతో గొడవపడి సర్దారు. కానీ నేను అక్కడున్న మిగతా నాలుగేళ్ళలో ఆ కాలనీ నుంచి స్టేషన్‌కి ఒక్క పిటిషన్ కూడా వెళ్ళలేదు.

బయటి దేశాల్లో ఏం చేస్తున్నారని కూడా మీరు ఓ మాట అడిగారు. స్వీడన్ 1999 నుంచి కొనేవాడిని నేరస్తుడిగా చూస్తుంది, అమ్మే స్త్రీని కాదు. న్యూజిలాండ్ 2003లో మేజర్ల విషయంలో నేరం అనే మాటే తీసేసి, మామూలు పనుల్లా రూల్స్ పెట్టింది. రెండింటికీ గట్టిగా వాదించేవాళ్ళున్నారు. రెండు చోట్లా ఒక్కటి మాత్రం ఒకటే, రోడ్డు మీద నిలబడిన ఆమెను పట్టుకుని జరిమానా వేయరు. నేను ఆ వైపే ఉంటాను.

ఇప్పుడు మీ ఫిర్యాదు దగ్గరికి. మీరు జత చేసిన కాపీ చూశాను. ‘మా కాలనీ వద్ద వ్యభిచారిణుల బెడద ఎక్కువైనది, వారిని తక్షణం తొలగించవలెను’ అని ఉంది. మీ పక్కింటి అమ్మాయిని బైకు ఆపి అడిగినవాడి గురించి మూడు ఫిర్యాదుల్లోనూ ఒక్క వాక్యం లేదు. అసలు నేరం అదీ. ఆ అమ్మాయి వయసు పదహారని రాశారు కాబట్టి అది పోక్సో చట్టం సెక్షన్ 12 కిందికి వస్తుంది, మూడేళ్ళ దాకా శిక్ష. మేజర్ అయినా లైంగిక వేధింపుకి భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 75 ఉంది, వెంటపడితే సెక్షన్ 78 ఉంది. రోడ్డు మీద నిలబడిన ఆమె మీద ఉన్న సెక్షన్ 8 కంటే ఇవి చాలా గట్టివి. దీనికి ప్రత్యేక అధికారి రావాలనే అడ్డం కూడా లేదు, బీటు కానిస్టేబుల్‌కి చెప్పినా కదలాల్సిందే.

అందుకని ధర్నా పక్కనపెట్టి మూడు కాగితాలు విడివిడిగా రాయండి. ఒకటి స్టేషన్‌కి: ఫలానా తేదీ, ఫలానా టైము, బైకు రంగు, నంబరులో గుర్తున్న అంకెలు, ఎదురుగా సీసీ కెమెరా ఉన్న షాపు. అమ్మాయి పేరు అసోసియేషన్ లెటర్‌హెడ్ మీద రాయకండి, తల్లిదండ్రులు విడిగా మహిళా అధికారితో మాట్లాడతారు. టెన్షన్ పడొద్దని వాళ్ళకి చెప్పండి, ఇంటికొచ్చి స్టేట్‌మెంట్ తీసుకోమని అడిగే హక్కు ఉంది, అది కూడా యూనిఫాం లేకుండా. రెండోది మున్సిపల్ కమిషనర్‌కి: ఏ స్తంభాలకి లైట్లు లేవు, స్తంభం నంబర్లతో సహా. మూడోది జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి: కాలనీ వాళ్ళనీ, ఆ ప్రాంతంలో పనిచేసే హెచ్‌ఐవీ ప్రాజెక్టు వాళ్ళనీ, పోలీసులనీ ఒకచోట కూర్చోబెట్టమని. వాళ్ళ టోల్‌ఫ్రీ 15100. మీ ఊళ్ళో ఏ ప్రాజెక్టు ఉందో తెలియకపోతే గవర్నమెంటు ఆసుపత్రిలో హెచ్‌ఐవీ పరీక్ష చేసే ఐసీటీసీ కౌన్సెలర్‌ని అడగండి, ఆవిడకి అందరి ఫోన్ నంబర్లూ తెలుసు.

మీ ఇంట్లోవాళ్ళు ఆ రోడ్డు దాటడానికి భయపడుతున్నారని చివర్లో రాశారు. ఆ ఆడవాళ్ళ వల్ల వాళ్ళకి ప్రమాదం లేదు, ఇది పదమూడేళ్ళు ఆ రోడ్ల మీద రాత్రిళ్ళు ఒంటరిగా నడిచిన మనిషిగా చెప్తున్నాను. నాకు దారిలో ఎవడైనా అడ్డుపడితే ముందు పరిగెత్తుకొచ్చింది వాళ్ళే. వచ్చే ఆదివారం మీటింగు పెడుతున్నామన్నారు. మీటింగులో మాట్లాడేవాళ్ళంతా మగవాళ్ళే కాకుండా చూడండి, ముఖ్యంగా ఆ అమ్మాయి వాళ్ళమ్మగారిని మొదట మాట్లాడనివ్వండి.